గ్రౌండ్ అంచున నిలబడేవాళ్ల పని: క్రీడా వైద్యంలో తొలి పాఠాలు

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ నేను బంతిని చూడను. బంతి వెళ్లిపోయిన చోటే నా కళ్లు ఉంటాయి. గాల్లోకి ఎగిరి దిగుతున్న కాలు ఎలా ఆనింది, ఢీకొని విడిపోయిన ఇద్దరిలో ఎవరు ఆలస్యంగా లేచారు, లేచినవాళ్లు చెయ్యి ఎక్కడ పెట్టుకున్నారు, ఇవే నాకు కావాలి. పద్దెనిమిదేళ్లుగా జట్ల వెంట అథ్లెటిక్ ట్రైనర్‌గా తిరుగుతున్నాను. ఈ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు మొదటి నెలంతా నేను చెప్పేది చూడటం గురించే. గాయం ఎలా అయిందో కళ్లారా చూస్తే రోగనిర్ధారణ సగం అయిపోయినట్టే.

ఆటగాడు పడిపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకరికొకరు తగిలి పడితే వేగంగా నడుచుకుంటూ వెళ్లండి. ఆ ఇరవై అడుగుల్లోనే చాలా తెలిసిపోతుంది. మోకాలు పట్టుకుని అరుస్తున్నాడంటే స్పృహలో ఉన్నాడు, ఊపిరి ఆడుతోంది. అరుపు చెవికి కష్టంగా ఉన్నా ఆ క్షణంలో అది మంచి వార్తే. తలకు దెబ్బ తగిలి కదలకుండా పడి ఉంటే మెడకు కూడా దెబ్బ తగిలిందనే అనుకుని, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. జట్టువాళ్లు ప్రేమకొద్దీ లేపి కూర్చోబెట్టబోతారు, వాళ్లను ఆపాలి.

రెండో రకం, ఎవరూ తాకకుండానే కుప్పకూలిపోవడం. అప్పుడు మాత్రం నడవకండి, పరిగెత్తండి. అది గుండె ఆగిపోవడం కావచ్చు. ఛాతీకి బంతి బలంగా తగిలి, రెండడుగులు వేసి పడిపోయినా అలాగే అనుకోవాలి. ఇలాంటప్పుడు చేతులూ కాళ్లూ కొట్టుకుంటుంటే చాలామంది ఫిట్స్ అనుకుంటారు. మధ్యమధ్య ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఆడుతోందనుకుంటారు. ఆ రెండు పొరపాట్లూ ప్రాణం తీస్తాయి. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే ఇక ఆలోచించేది లేదు. ఒకరు అంబులెన్స్‌కు ఫోన్, ఒకరు ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే చిన్న యంత్రం) కోసం పరుగు, మీరు ఛాతీ మధ్యలో చేతులు పెట్టి నొక్కడం (సీపీఆర్) మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో యూరో కప్ మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ అలాగే, ఎవరూ తాకకుండా పడిపోయాడు. సీపీఆర్, ఏఈడీ అన్నీ గ్రౌండ్‌లోనే జరిగాయి. మరుసటి ఏడాది అతను మళ్లీ మ్యాచ్ ఆడాడు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఆ సంఘటన గురించి చెప్పి ఒకటే అడుగుతాను: "ఇప్పుడు మనం నిలబడ్డ చోటి నుంచి ఏఈడీ ఎన్ని అడుగుల దూరంలో ఉంది?"

అందుకే గ్రౌండ్‌కు వెళ్లగానే బ్యాగు కింద పెట్టకముందే నేను చేసే పని గేటు చూసుకోవడం. ఒకసారి ఒక కుర్రాడి కాలు విరిగింది. అంబులెన్స్ ఏడు నిమిషాల్లో వచ్చింది, కానీ వెనక గేటుకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి ఎటో వెళ్లాడు. నాలుగు నిమిషాలు మేమంతా గేటు ఇటు, స్ట్రెచర్ అటు. విరిగింది కాలు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లాక నాకు వణుకొచ్చింది. అప్పటినుంచి ప్రతి గ్రౌండ్‌కూ ఒక కాగితం రాసి పెట్టుకుంటాను: అంబులెన్స్ ఏ గేటు నుంచి రావాలి, తాళంచెవి ఎవరి దగ్గర, ఫోన్ ఎవరు చెయ్యాలి, రోడ్డు మీదికెళ్లి దారి చూపించేది ఎవరు, దగ్గర్లో ఏ ఆసుపత్రి. దీన్ని అత్యవసర ప్రణాళిక అంటారు. పేరు పెద్దది గానీ ఒక పేజీ దాటకూడదు. సీజన్ మొదట్లో అందరితో ఒకసారి నటింపజేసి చూడండి. కాగితం మీద కనిపించని లోటు అప్పుడే బయటపడుతుంది.

అథ్లెటిక్ ట్రైనర్ అనగానే జిమ్‌లో బరువులెత్తించే మనిషి గుర్తొస్తాడు చాలామందికి. ఈ పని వేరు. గాయాలు కాకుండా చూడటం, అయితే అక్కడికక్కడే పరీక్షించి తొలి చికిత్స చెయ్యడం, ఆ తర్వాత మళ్లీ ఆటలోకి తీసుకురావడం, ఇదంతా వైద్యుడి పర్యవేక్షణలో. అమెరికాలో ఈ వృత్తివాళ్ల జాతీయ సంఘం 1950లో ఏర్పడింది. ఇప్పుడు అక్కడ ఈ వృత్తిలోకి రావాలంటే మాస్టర్స్ చదివి, బోర్డు పరీక్ష పాసవ్వాలి. చాలా దేశాల్లో ఈ పేరుతో ప్రత్యేక వృత్తి లేదు, స్పోర్ట్స్ ఫిజియోలే ఈ పని చేస్తారు. పేరేదైనా జట్టులో మీ స్థానం ఒకటే. సర్జన్ ఆపరేషన్ చేస్తాడు, డాక్టర్ వారానికోసారి చూస్తాడు, మీరు రోజూ ఉంటారు. ఆటగాడు మామూలుగా ఎలా నడుస్తాడో తెలిసిన మనిషి మీరే, కాబట్టి తేడా ముందు కనిపించేది మీకే.

ఇక చేత్తో నేర్చుకోవాల్సిన దాని గురించి. నేనైతే చీలమండతో మొదలుపెట్టిస్తాను. ఏ ఆటలోనైనా బెణుకులంటే ముందు అక్కడే, పాదం లోపలికి మడతపడి బయటివైపు లిగమెంట్ సాగడమో తెగడమో జరుగుతుంది. లిగమెంట్ అంటే ఎముకనీ ఎముకనీ కలిపే పట్టీ, దానికైతే బెణుకు. కండరం గానీ దాన్ని ఎముకకు అంటించే స్నాయువు గానీ సాగితే అది వేరే గాయం, తొడ వెనక పట్టేసింది అంటామే, అది. రెండింటికీ మూడేసి స్థాయులు: సాగింది, కొంత తెగింది, పూర్తిగా తెగింది.

ముందు అడగండి. పాదం ఎటు తిరిగింది? టప్‌మని చప్పుడు వినిపించిందా? ఇదే కాలు ఇదివరకు బెణికిందా? తర్వాత చూడండి, రెండు బూట్లూ విప్పించి. బాగున్న కాలిని చూడకుండా దెబ్బ తగిలిన కాలిని చూస్తే వాపు ఎంతో, అసలు వాపో కాదో తెలియదు. ఆ తర్వాతే చెయ్యి వెయ్యండి. నొప్పి ఉందని చూపించిన చోట చివర్లో తాకాలి. ముందే అక్కడ నొక్కితే కాలంతా బిగబట్టేస్తారు, ఇక మీకేమీ దొరకదు.

నా వేళ్లు ఎటు వెళతాయో చెబుతాను. చీలమండ బయటివైపు ఉబ్బెత్తు ఎముక చివర నుంచి వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్లు. లోపలివైపు ఉబ్బెత్తు ఎముకకూ అంతే. తర్వాత పాదం బయటి అంచు మీద, చిటికెన వేలికీ మడమకూ మధ్యలో ఒక బొడిపె తగులుతుంది, అక్కడ. చివరగా పాదం లోపలివైపు, వంపు పైన ఉండే చిన్న ఎముక మీద. ఈ నాలుగు చోట్ల ఎక్కడైనా ఎముక మీదే నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రచురించిన పద్ధతి ఇది, ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. చిన్నపిల్లల విషయంలోనూ, కాలికి స్పర్శ సరిగా లేనివాళ్ల విషయంలోనూ దీని మీద ఆధారపడకండి.

లిగమెంట్ ఎంత తెగిందో ఆ రోజే తేల్చాలని ఆరాటపడొద్దు. వాపులో, నొప్పిలో కాలు బిగుసుకుని ఉంటుంది. నాలుగైదు రోజులయ్యాక మడమను అరచేతిలో పట్టుకుని, రెండో చేత్తో పిక్క ఎముకను కదలకుండా ఆపి, పాదాన్ని ముందుకు లాగి చూస్తే రెండు కాళ్లకూ తేడా స్పష్టంగా చేతికి తెలుస్తుంది. అది పుస్తకంలో దొరకదు. కనీసం యాభై బాగున్న కాళ్లను లాగి చూస్తేగానీ బాగులేని కాలు ఎలా ఉంటుందో వేళ్లకు అర్థం కాదు. మీ స్నేహితుల కాళ్లన్నీ పట్టుకోండి.

ఐస్ సంగతి అందరూ అడుగుతారు. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం, ఈ నాలుగింటి ఇంగ్లిష్ పేర్ల తొలి అక్షరాలు కలిపి రైస్ అన్న మాటను 1978లో వాడుకలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్. ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ మానడాన్ని ఆలస్యం చెయ్యవచ్చని తర్వాతి కాలంలో ఆయనే చెప్పాడు. వాపు అనేది శరీరం చేసే మరమ్మతులో భాగం మరి. నేను చేసేదేమిటంటే, నొప్పి తగ్గడం కోసం మొదటి రోజుల్లో పది పదిహేను నిమిషాలు, చర్మానికీ ఐస్‌కీ మధ్య గుడ్డ వేసి పెడతాను. కట్టు, కాలు ఎత్తులో పెట్టడం మాత్రం వదలను. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, గట్టిగా మర్దన చెయ్యనివ్వను. నొప్పి ఒప్పుకున్నంత వరకు అడుగు ఆనించమంటాను. మంచం మీద వారం పడుకోబెడితే లిగమెంట్ బాగుపడదు, పిక్క మాత్రం సన్నబడుతుంది.

ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణకడానికి కారణం ఉంది. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నరాల చివర్లు ఆ లిగమెంట్‌లోనే ఉంటాయి. అది తెగితే ఆ కబురు కూడా తెగుతుంది. నొప్పి పోయినా ఆ కబురు తిరిగి రాదు, నేర్పించాలి. ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబెట్టండి. కుదిరాక కళ్లు మూయించండి. పాదం కింద సన్నగా వణుకుతుంది చూడండి, ఆ వణుకే చికిత్స. అది తగ్గాక మెత్తటి దిండు మీద, ఆ తర్వాత బంతి విసిరి పట్టుకుంటూ. రోజుకు పది నిమిషాల పని ఇది. వారం చేసి "తగ్గిపోయిందిలే అక్కా" అని మానేస్తారు, మీరు వదలకండి.

టేప్ వెయ్యడం మీద కొత్తవాళ్లకు మోజెక్కువ. నేర్చుకోండి, కానీ అది ఈ కసరత్తుకు బదులు కాదు. పాదాన్ని 90 డిగ్రీల్లో ఉంచమనండి, పైనా కిందా పట్టు వేసి, లోపలి నుంచి మడమ కిందుగా బయటికి లాగండి, తర్వాత మడమ చుట్టూ తాళం వేసినట్టు తిప్పండి. ఎక్కడా ముడత ఉండకూడదు, ఆ ముడత దగ్గరే బొబ్బ లేస్తుంది. అయ్యాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోతే విప్పేసి మళ్లీ వెయ్యండి.

చీలమండ గురించి ఇంత చెప్పినా, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది తలకు తగిలే దెబ్బ. స్పృహ తప్పితేనే కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పని తడబడటం, అనుకుంటారు. చాలామందికి స్పృహ తప్పదు. స్కాన్‌లో కూడా ఏమీ కనిపించదు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

ఒక ఫైనల్లో ఒక కుర్రాడి తల గోల్‌పోస్ట్‌కు తగిలింది. లేచాడు, నవ్వాడు, "ఏం కాలేదక్కా" అన్నాడు. ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఇది మొదటి సగమా రెండోదా, చివరి గోల్ ఎవరు కొట్టారు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా అని వరసగా అడిగాను. మూడింటికి సరిగ్గా చెప్పాడు. చివరి గోల్ దగ్గర ఆగిపోయాడు. ఆ గోల్ కొట్టింది అతనే. రెండు నిమిషాల్లో మూడుసార్లు నన్ను "స్కోరెంత అక్కా?" అని అడిగాడు. కోచ్ వచ్చి "ఇంకా పది నిమిషాలేగా మేడమ్" అన్నాడు. నేనేమీ వాదించలేదు. ఆ కుర్రాడి కుడి బూటు విప్పి నా బ్యాగులో వేసి జిప్ పెట్టేశాను. మ్యాచ్ ఓడిపోయాం. ఆ కోచ్ చాలా రోజులు నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. ఇప్పటికీ నాకు అందులో రెండో ఆలోచన లేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు.

అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. తలనొప్పి పెరుగుతూ పోవడం, వాంతులు ఆగకపోవడం, మెడ నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, చేతులూ కాళ్లలో తిమ్మిరి, మగత, ఫిట్స్, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఆసుపత్రికి. లేకపోతే ఒకటి రెండు రోజులు తేలిక విశ్రాంతి. చీకటి గదిలో పెట్టమని ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. కంకషన్ మీద ప్రపంచ నిపుణులు 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని సవరించిన సూచనలు కూడా అంతే: మొదటి రెండు రోజులు ఫోన్, టీవీ తగ్గించి, కాస్త నడుస్తూ ఉండాలి. ఆటలోకి రావడం ఆరు మెట్లలో, మెట్టుకు కనీసం 24 గంటలు. రోజువారీ పనులు, తేలిక పరుగు, ఆటకు సంబంధించిన కదలికలు, ఢీకొనడం లేని ప్రాక్టీస్, పూర్తి ప్రాక్టీస్, మ్యాచ్. ఢీకొనే ప్రాక్టీస్‌కు ముందు డాక్టర్ అనుమతి ఉండాలి.

ఎండలో ఆడించేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. పరుగెడుతున్న మనిషి తడబడి, సంబంధం లేకుండా మాట్లాడుతూ, చిరాకు పడుతున్నాడంటే వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కాబట్టి కాదు అనుకోవద్దు, ఆడుతూ వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉండొచ్చు. లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. నుదుటి మీదా నోట్లోనూ పెట్టే థర్మామీటర్లు దీన్ని పట్టుకోలేవు, మలద్వారంలో పెట్టి చూసేదే సరైన కొలత. మొహమాటపడే విషయం కాదిది, ముందే జట్టుకు చెప్పి ఉంచండి. చికిత్స ఒకటే: మెడ వరకు చల్లటి ఐస్ నీళ్ల తొట్టిలో దించి, నీళ్లు కలుపుతూ ఉండాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తరలించడం. అరగంట లోపు వేడి 39 డిగ్రీల దగ్గరికి దిగితే ప్రాణం నిలుస్తుంది. తొట్టి లేకపోతే ఐస్ నీళ్లలో ముంచిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, వేడెక్కగానే మారుస్తూ ఉండండి. కొత్తగా వేడి వాతావరణంలోకి వచ్చినవాళ్లకు అలవాటు పడటానికి రెండు వారాల దాకా పడుతుంది, మొదటి రోజే పూర్తి ప్రాక్టీస్ పెట్టనివ్వకండి. నీళ్లు దాహాన్ని బట్టి తాగాలి. బలవంతంగా లీటర్లకు లీటర్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి అదొక ప్రమాదం.

గాయాలు రాకుండా చూడటం గురించి తక్కువ చెబుతున్నానంటే అది చిన్న విషయమని కాదు, చేయాల్సింది సూటిగా ఉంది. ఫుట్‌బాల్ వాళ్ల కోసం ఫిఫా తయారుచేయించిన 11 ప్లస్ వార్మప్ ఉంది, 20 నిమిషాలు, 15 కసరత్తులు. వారానికి రెండుసార్లయినా సరిగ్గా చేయిస్తే గాయాలు గణనీయంగా తగ్గుతాయి. తొడ వెనక కండరం మాటిమాటికీ పట్టేసేవాళ్లకు నార్డిక్ కసరత్తు: మోకాళ్ల మీద నిలబెట్టి, చీలమండలు ఒకరు పట్టుకుంటే, వీపు నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలడం. మొదటి వారం ఒళ్లు నొప్పులుంటాయి, కాబట్టి మ్యాచ్ ముందురోజు చేయించకండి.

తిరిగి ఆటలోకి పంపేటప్పుడు క్యాలెండర్ ఒక్కటే చూడకండి, కాలును కూడా చూడండి. ఏసీఎల్ (మోకాలి లోపల ఉండే ఒక లిగమెంట్) ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి ఆరో నెలలో నా దగ్గరికొచ్చి "అక్కా, నొప్పే లేదు, పంపించు" అంది. ఒంటికాలితో గెంతించి టేపుతో కొలిచాను. బాగున్న కాలితో గెంతిన దూరంలో ఆపరేషన్ కాలు 78 శాతమే వచ్చింది. 90 రావాలి. పైగా 9 నెలలు నిండకముందే ఆడినవాళ్లకు మోకాలు మళ్లీ దెబ్బతినే అవకాశం బాగా ఎక్కువ. ఆ పిల్ల ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. కొలత గోడ మీద రాసి, వారం వారం దాని కింద కొత్త కొలత రాయించాను తన చేత్తోనే. పదో నెలలో 94 రాసింది.

రాయడం అంటే గుర్తొచ్చింది. ప్రతి గాయానికీ నాలుగు ముక్కలు అదే రోజు రాయండి: ఆటగాడు చెప్పింది, నేను చూసింది, నేను అనుకుంటున్నది, చెయ్యబోయేది. "కుడి చీలమండ, లోపలికి మడత, చప్పుడు లేదు. బయట వాపు, ఎముక మీద నొప్పి లేదు, నాలుగడుగులు వేశాడు. రెండో స్థాయి కావచ్చు. కట్టు, ఐదో రోజు మళ్లీ పరీక్ష." అంతే. ఆ పుస్తకం కోచ్‌కు చూపించేది కాదు. ఆడగలడా లేదా అన్నంత వరకే కోచ్‌కు చెప్పండి, మిగతాది ఆటగాడి అనుమతి ఉంటేనే.

మ్యాచ్ అయ్యాక బ్యాగు సర్దుకోండి. కత్తెర, గ్లోవ్స్, ఏఈడీ ప్యాడ్ల మీద తేదీ, సీపీఆర్ మాస్క్ ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి, రేపటికని వదిలేస్తే మర్చిపోతారు. తలకు దెబ్బ తగిలిన వాళ్లెవరైనా ఉంటే ఒంటరిగా ఇంటికి పంపకండి, బండి నడపనివ్వకండి. ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాల్సిన లక్షణాలు రాసిన కాగితం ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఆటగాడితోనే మాట్లాడండి. ఇంట్లోవాళ్లు "బాగానే ఉన్నాడమ్మా" అన్నా సరే, ఫోన్ అతనికి ఇవ్వమని అడిగి గొంతు వినండి.